పొగ గొట్టం అమ్మేస్తే పొగ తగ్గుతుందా: ఒక ప్రాంతీయ విద్యుత్ సంస్థ ఉద్గారాల లెక్క సరిచేసిన కేస్

"ఆధార సంవత్సరంతో పోలిస్తే మా కర్బన ఉద్గారాలు సగానికి తగ్గాయి." ఒక ప్రాంతీయ విద్యుత్ సంస్థ వార్షిక నివేదిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఈ వాక్యం ఉంది. ఆధార సంవత్సరం అంటే పోలికకు మొదలుగా పెట్టుకున్న పాత సంవత్సరం. 2050 నాటికి నెట్ జీరో, అంటే నికరంగా సున్నా ఉద్గారాలకు చేరతామన్న హామీ దాని కిందే ఉంది. ఆ వాక్యం నిలబడుతుందో లేదో బయటివాళ్లుగా పరిశీలించే పని మా బృందానికి వచ్చింది. ఆ పనిలో ఏం చూశాం, ఎక్కడ ఆగాం, చివరికి ఏం మార్పించాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఉద్గారాల లెక్కలు వేసేవాళ్లకూ, ఇలాంటి హామీలు చదివి నమ్మాలో వద్దో తేల్చుకోలేనివాళ్లకూ ఉపయోగపడుతుందని.

సంస్థ పేరు చెప్పను. వాళ్ల అసలు అంకెలు కూడా వాళ్లవే. వాటి బదులు 100 యూనిట్ల నమూనా ఒకటి వాడతాను. నిష్పత్తులు అర్థం కావడానికి అది చాలు.

సంస్థ స్వరూపం ఇది. సొంతంగా రెండు బొగ్గు థర్మల్ స్టేషన్లు. కొంత జలవిద్యుత్తు. మిగతా కరెంటు బయట కొంటుంది. ఉత్పత్తి దగ్గర్నుంచి ఇంటి మీటర్ దాకా లైన్లన్నీ దానివే. కొన్ని పట్టణాల్లో పైపుల ద్వారా గ్యాస్ కూడా సరఫరా చేస్తుంది.

ముందు బొగ్గు సంగతి. ఏ లెక్క అయినా అక్కడే మొదలవ్వాలి. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం సబ్-బిట్యుమినస్ అనే రకం బొగ్గు నుంచి ఒక గిగాజౌల్ వేడి తీస్తే 96.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సహజవాయువుకు అది 56.1 కిలోలు. పాత స్టేషన్ సామర్థ్యం 33 శాతం అనుకుంటే ఒక యూనిట్ కరెంటుకు సుమారు 10.9 మెగాజౌళ్ల వేడి కావాలి. అంటే యూనిట్‌కు దాదాపు 1.05 కిలోల కార్బన్ డయాక్సైడ్. 55 శాతం సామర్థ్యంతో నడిచే కంబైన్డ్ సైకిల్ (టర్బైన్ వదిలే వేడితో కూడా కరెంటు తీసే) గ్యాస్ ప్లాంట్‌లో అదే యూనిట్‌కు 0.37 కిలోలు పడుతుంది. చేతిలో ఈ రెండు అంకెలు ఉంటే ఏ విద్యుత్ సంస్థ నివేదికనైనా పది నిమిషాల్లో స్థూలంగా తూచవచ్చు.

ఇక నమూనా. ఆధార సంవత్సరంలో సంస్థ లైన్లలోకి ఎక్కిన ప్రతి 100 యూనిట్లలో సొంత బొగ్గు 70, జలవిద్యుత్తు 10, బయట గ్యాస్ ప్లాంట్ల నుంచి కొన్నది 20 అనుకుందాం. సొంత బొగ్గు మీద ఉద్గారాలు 73.5 కిలోలు. నివేదిక ఇచ్చిన ఏడాదికి సొంత బొగ్గు 35 యూనిట్లకు దిగింది, ఉద్గారాలు 36.75 కిలోలకు దిగాయి. సరిగ్గా సగం. కూడికలో, భాగహారంలో ఎక్కడా తప్పు లేదు. సంతకం పెట్టేసి వచ్చేయడానికి అడ్డేమీ కనబడలేదు.

కానీ వాళ్లు అమ్మిన కరెంటు ఏమీ తగ్గలేదు. మరి ఆ 35 యూనిట్ల చోట ఏం వచ్చింది?

ఈ ప్రశ్నతో విద్యుత్ కొనుగోలు విభాగానికి వెళ్లాం. అంతవరకు మాకు ఫైళ్లు ఇచ్చింది పర్యావరణ విభాగం, వాళ్ల దగ్గర కొనుగోలు ఒప్పందాలు ఉండవు. అక్కడ ఒక ఒప్పందం దొరికింది. రెండు థర్మల్ స్టేషన్లలో పాతదాన్ని సంస్థ ఆ రెండు సంవత్సరాల మధ్యకాలంలో ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మేసింది. అమ్మిన రోజునే, ఆ స్టేషన్‌లో తయారయ్యే కరెంటు మొత్తాన్ని తానే కొంటానని దీర్ఘకాలిక ఒప్పందం మీద సంతకం చేసింది. అవే బాయిలర్లు, అవే మిల్లులు, అదే పొగ గొట్టం. గేటు మీద బోర్డు ఒక్కటే మారింది. మన నమూనాలో అది 25 యూనిట్లు, 26.25 కిలోలు. అదంతా నివేదికలోంచి మాయమైంది. వాతావరణంలోంచి ఒక్క గ్రాము కూడా పోలేదు.

అలా ఎలా మాయమవుతుందో చెప్పాలి. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో తెచ్చి 2004లో సవరించిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అనే లెక్కల ప్రమాణం ఉద్గారాలను మూడు స్కోప్‌లుగా విడదీస్తుంది. సొంత బాయిలర్లో మండేది స్కోప్ 1. కొని తాను వాడుకునే కరెంటుది స్కోప్ 2. ముందూ వెనకా ఉన్న మిగతా గొలుసంతా స్కోప్ 3. విద్యుత్ సంస్థ కొన్న కరెంటులో ఎక్కువ భాగం తాను వాడుకోదు, వినియోగదారుడికి అమ్ముతుంది. కాబట్టి అది స్కోప్ 2లోకి రాదు. 2011లో వచ్చిన స్కోప్ 3 ప్రమాణం దీనికి మూడో విభాగంలో చోటిచ్చింది. ఈ సంస్థ ఆ విభాగం కింద ఏమీ రాయలేదు. వాళ్ల హామీ స్కోప్ 1, 2 వరకే. దాంతో స్టేషన్ అమ్మిన రోజున ఉద్గారాలు ఒక గదిలోంచి పక్క గదిలోకి వెళ్లాయి. ఆ గదికి దీపం లేదు.

ఇది కావాలని చేసిన మోసమని నేను అనను. స్టేషన్ అమ్మకం అప్పుల భారం తగ్గించుకోవడానికి ఆర్థిక విభాగం తీసుకున్న నిర్ణయమని కాగితాలు చూస్తే తెలిసింది. ఉద్గారాలు తగ్గడం దాని వెంట వచ్చిన ఫలితం. కానీ నివేదిక రాసినవాళ్లకు ఆ తగ్గుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. తెలిసి రాయకపోవడం నన్ను బాధించింది. ఆ వాక్యం చదివి ఆ ప్రాంత ప్రజలు తమ కరెంటు శుభ్రపడిందనుకుంటారు కదా.

ప్రోటోకాల్‌లో ఇలాంటి సందర్భానికి నియమం ఉంది. ఆస్తి అమ్మినా, కొన్నా, విలీనమైనా ఆధార సంవత్సరాన్ని తిరిగి లెక్కించాలి. అంటే అమ్మిన స్టేషన్ ఉద్గారాలను పాత సంవత్సరంలోంచి కూడా తీసేయాలి. అప్పుడు పోలిక ఒకే సంస్థతో ఒకే సంస్థకు జరుగుతుంది. ఈ సంస్థకు తిరిగి లెక్కించే విధానం కాగితం మీద ఉంది, అమలు చేయలేదంతే.

ఇంతటితో 25 యూనిట్లు తేలాయి. మిగిలిన 10?

వాటి జవాబు వానలో ఉంది. వాళ్లు ఎంచుకున్న ఆధార సంవత్సరం కరువు సంవత్సరం. జలాశయాల్లో నీళ్లు లేక జలవిద్యుత్తు సగానికి పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి బొగ్గు స్టేషన్లను మామూలుకన్నా ఎక్కువ నడిపారు. తర్వాతి సంవత్సరాల్లో వానలు మామూలుగా పడ్డాయి. జలవిద్యుత్తు 10 నుంచి 20 యూనిట్లకు పెరిగింది, బొగ్గు 70 నుంచి 60కి తగ్గింది. నిజంగానే పొగ తగ్గింది, కాదనను. కానీ 14 శాతం తగ్గుదల మేఘాలు చేసిన పని. మళ్లీ కరువొస్తే అదంతా వెనక్కి పోతుంది. జలవిద్యుత్తు ఉన్న ఏ సంస్థ అయినా ఒక్క సంవత్సరాన్ని ఆధారంగా పెట్టుకోకూడదు. వరుసగా కొన్నేళ్ల సగటు తీసుకోవడానికి ప్రోటోకాల్ అనుమతిస్తుంది. మేము అదే చేయించాం. సగటు తీస్తే ఆధార సంవత్సరపు సొంత బొగ్గు దాదాపు 60 యూనిట్ల దగ్గర నిలబడింది.

మొదట కన్నా ఇప్పుడు లెక్క ఎలా ఉందో చూడండి. సొంత బొగ్గు 35, అమ్మేసిన స్టేషన్ నుంచి కొన్నది 25, కలిపి 60. ఆధారం కూడా 60. తగ్గుదల సున్నా. నియమం ప్రకారం అమ్మిన స్టేషన్‌ను రెండు వైపులా తీసేసినా 35కు 35, అదే సున్నా.

ఆ సున్నా కాగితం మీద కనిపించిన సాయంత్రం మా బృందంలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. సగం అని అచ్చేసిన అంకె పక్కన సున్నా అని రాయడం తేలిక కాదు. లెక్క మళ్లీ మొదటి నుంచి ఇంకొకరి చేత వేయించాం. అదే వచ్చింది.

తర్వాత బయటపడిన ఒక చిన్న పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్తాను, ఇది నేను చాలాచోట్ల చూశాను. ఐపీసీసీ ఉద్గార గుణకాలన్నీ నికర ఉష్ణ విలువ మీద ఇస్తారు. థర్మల్ స్టేషన్ ల్యాబ్ ఇచ్చే బొగ్గు రిపోర్టులో ఉండేది సాధారణంగా స్థూల ఉష్ణ విలువ, అంటే తేమ ఆవిరై పోయే వేడిని కూడా కలిపిన విలువ. బొగ్గుకు ఈ రెండింటి మధ్య తేడా సుమారు 5 శాతం, గ్యాస్‌కు సుమారు 10 శాతం. ఈ సంస్థలో ఆధార సంవత్సరం లెక్క వేసినవాళ్లు స్థూల విలువను నేరుగా గుణకంతో గుణించారు. తర్వాత వచ్చినవాళ్లు నికర విలువకు మార్చి సరిగ్గా వేశారు. ఫలితం, ఆధారం ఐదు శాతం ఉబ్బింది, ఇటీవలి ఏడాది ఉబ్బలేదు. ఎవరూ ఏమీ చేయకుండానే ఐదు శాతం 'తగ్గింపు' పుట్టింది. రెండు సంవత్సరాలనూ ఒకే పద్ధతిలోకి తెచ్చాం. పై నమూనాలో ఈ తేడాను కలపలేదు.

అంకెలు గదిలో కూర్చుని చూసినంత సేపూ అన్నీ పెద్దపెద్ద సంగతులే కనబడతాయి. మూడో వారంలో సబ్‌స్టేషన్లకు వెళ్లాం. అధిక వోల్టేజీ బ్రేకర్లలో (లైన్‌ను తెంచే పెద్ద స్విచ్‌లు) ఇన్సులేషన్ కోసం సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు నింపుతారు, అందరూ ఎస్ఎఫ్6 అంటారు. ఐపీసీసీ ఐదో నివేదిక ప్రకారం నూరేళ్ల కాలంలో ఒక కిలో ఎస్ఎఫ్6 చేసే వేడి 23,500 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత. ఒకసారి గాలిలో కలిస్తే శతాబ్దాల తరబడి ఉంటుంది. నివేదికలో దీని వరసలో 'స్వల్పం' అని రాసి ఉంది. అంకె లేదు.

ఒక సబ్‌స్టేషన్‌లో రిజిస్టర్ తెరిచాం. ఒకే బ్రేకర్ పేరు, మూడు నెలలకోసారి, పక్కన 'టాప్-అప్ చేయబడినది' అన్న ఒకే మాట. ఎన్ని కిలోలో ఎక్కడా లేదు. డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌ని అడిగాను. "గ్యాస్ ప్రెజర్ తగ్గితే అలారం మోగుతుంది సార్. గ్రీన్ గుర్తు దాకా ముల్లు వచ్చేలా నింపేస్తాం. ఎంత పోయిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు." ఆయన తప్పేమీ లేదు. ఆయన ఉద్యోగం బ్రేకర్ ఆగకుండా చూడడం, అది బాగానే చేస్తున్నాడు.

షెడ్డులో సిలిండర్లు నిలబెట్టి ఉన్నాయి. ఖాళీ సిలిండర్ బరువు ఎంతో దాని భుజం మీద గుద్ది ఉంటుంది, రంగు పేరుకుపోయి కనబడలేదు. వైర్ బ్రష్‌తో రుద్దితే అంకెలు బయటపడ్డాయి. స్టోర్లోంచి కాటా తెప్పించి ఒక్కొక్క సిలిండర్నూ తూచాం. 'ఖాళీ' అని సుద్దతో రాసి పక్కన పెట్టినవాటిలో రెండింటిలో ఇంకా గ్యాస్ ఉంది. స్టోర్ ఇచ్చిన సిలిండర్ల లెక్క, మిగిలిన బరువు కలిపి చూస్తే ఆ బ్రేకర్ ఏడాదికి ఎంత తాగుతోందో తేలింది. ఎంత అన్నది కాదు, దాని అర్థం ఏమిటన్నది చెప్తాను. 10 కిలోల ఎస్ఎఫ్6 పోతే 235 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కిలోకు 4,000 కిలోక్యాలరీల బొగ్గును దాదాపు 145 టన్నులు మండిస్తే వచ్చేంత పొగ అది. ఫ్లాంజ్, అంటే అతుకు దగ్గర గ్యాస్ బయటికి రాకుండా పెట్టే రబ్బరు గాస్కెట్ గట్టిపడి పగలడం వల్ల ఇదంతా. సంస్థ మొత్తం ఉద్గారాల్లో ఇది చిన్న భాగమే. అయినా దీని మీద రెండు రోజులు పెట్టమని పట్టుబట్టాను. వానలూ బొగ్గు ఒప్పందాలూ ఆ ఆపరేటర్ చేతిలో లేవు, ఈ గాస్కెట్ ఉంది.

గ్యాస్ పైపుల లెక్క తొందరగా ముగిస్తాను. కొన్న గ్యాస్‌కూ బిల్లైన గ్యాస్‌కూ ఉన్న తేడాను మొత్తం లీకేజీగా చూపించారు. అందులో మీటర్ల లోపం, ఉష్ణోగ్రత తేడా, బిల్లుల ఆలస్యం అన్నీ కలిసే ఉంటాయి. అది కొలత కాదు. పైపు దేనితో చేసింది, ఎంత పొడవు అన్నదాన్ని బట్టి లెక్క మొదలుపెట్టి, పాత పోత ఇనుప పైపులున్న వీధుల్లో డిటెక్టర్‌తో నడిచి సరిచూడమన్నాం. వినియోగదారులు మండించే గ్యాస్ స్కోప్ 3లో పదకొండో విభాగం. అది కూడా వాళ్ల హామీలో లేదు, ఇప్పుడు చేరింది.

గాలి మరల విషయంలో ఇంకో మడత ఉంది. సంస్థ ఒక కొత్త పవన విద్యుత్ కేంద్రం నుంచి కరెంటు కొనడం మొదలుపెట్టింది. ఆ కరెంటుకు వచ్చే పునరుత్పాదక ధ్రువపత్రాలను, అంటే ఆ యూనిట్ పచ్చనిదని చెప్పుకునే హక్కు పత్రాలను, వేరే కంపెనీలకు అమ్ముతోంది. తన నివేదికలో మాత్రం 'మేము సరఫరా చేసే పచ్చని కరెంటు' అని దాన్నే చూపిస్తోంది. ధ్రువపత్రం కొన్న కంపెనీ కూడా అదే యూనిట్‌ను తన పచ్చని కరెంటుగా రాసుకుంటుంది. ఒక్క యూనిట్‌కు ఇద్దరు యజమానులు. 2015లో వచ్చిన స్కోప్ 2 మార్గదర్శకం ఇలాంటి అయోమయం తొలగించడానికే రెండు రకాల లెక్క చూపమంది. గ్రిడ్‌లో నిజంగా పారే కరెంటు ప్రకారం ఒకటి, ఒప్పందాలు, ధ్రువపత్రాల ప్రకారం ఇంకొకటి. ధ్రువపత్రం అమ్మితే ఆ యూనిట్‌ను రెండో లెక్కలో పచ్చనిదిగా చెప్పుకునే హక్కు పోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు పర్యావరణ విభాగం వెంటనే ఒప్పుకుంది, మార్కెటింగ్ విభాగానికి మాత్రం రెండు సమావేశాలు పట్టాయి.

మేము సూచించిన కొలమానం ఒక్కటే: ఇంటి మీటర్ దగ్గర ఒక యూనిట్ తిరగడానికి మొత్తం మీద ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడింది? ఆ యూనిట్ సొంత స్టేషన్‌దా, అమ్మేసిన స్టేషన్‌దా, బజారులో కొన్నదా అన్నది అడగొద్దు. నమూనాలో చూడండి. నివేదిక సొంత ఉత్పత్తిని మాత్రమే తీసుకుంది, బొగ్గు 35, జలం 20. 36.75 కిలోలను 55తో భాగిస్తే యూనిట్‌కు 0.67. ఇప్పుడు కొన్నవన్నీ కలపండి. బొగ్గు 60 యూనిట్లకు 63 కిలోలు, గ్యాస్ 20 యూనిట్లకు 7.4. మొత్తం 70.4. లైన్లలో 10 యూనిట్లు నష్టపోయి 90 యూనిట్లే మీటర్లకు చేరాయనుకుంటే యూనిట్‌కు 0.78 కిలోలు. లైన్ నష్టాలను ఇందులోకి లాగడం వల్ల ఇంకో మేలు జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్లు మార్చే విభాగం, దొంగ కనెక్షన్లు పట్టే విభాగం చేసే పని కూడా వాతావరణ లక్ష్యంలో కనబడడం మొదలైంది. అంతకుముందు వాళ్లకు ఈ నివేదికతో సంబంధమే లేదు. కంపెనీల వాతావరణ లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనీషియేటివ్ కూడా కరెంటు కొని అమ్మే సంస్థలు అమ్మిన కరెంటు మొత్తానికీ లక్ష్యం పెట్టుకోవాలని అడుగుతుంది. కాబట్టి ఇది మా సొంత పట్టుదల కాదు.

బోర్డు ముందు పెట్టిన రోజు కష్టంగా గడిచింది. ఆర్థిక డైరెక్టర్ సూటిగా అడిగారు: "సగం తగ్గించామని ప్రకటించాం. ఇప్పుడు ఏమీ తగ్గలేదని మేమే చెప్పుకోవాలా?" చెప్పుకోవాలనే అన్నాను. ఇవాళ మీరు చెప్తే సవరణ, రేపు ఇంకొకరు కనిపెడితే ఆరోపణ అన్నాను. అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. సగం పని అయిపోయిందన్న నమ్మకంతోనే వాళ్లు రెండో స్టేషన్ మూసివేతను వెనక్కి జరిపారు, దాని బదులు కొత్త గ్యాస్ ప్లాంట్ ప్రతిపాదన ముందుకు తెచ్చారు. తప్పు అంకె తప్పు నిర్ణయాలను కనడం మొదలుపెట్టింది.

ఆ గ్యాస్ ప్లాంట్ గురించి. ముప్పై ఏళ్లకు పైగా నడిపే లెక్కతో కట్టే ప్లాంట్ 2050 హామీ గీత దాకా వెళ్లి దాన్ని తాకుతుంది. నష్టాలు కలుపుకుంటే దాని యూనిట్ మీటర్ దగ్గర 0.41 కిలోలకు దిగువకు ఎప్పటికీ రాదు. బావి నుంచి ప్లాంట్ దాకా లీకయ్యే మీథేన్ దీనికి అదనం. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం శిలాజ మీథేన్ ప్రభావం ఇరవై ఏళ్ల కాలంలో కార్బన్ డయాక్సైడ్‌కు 82.5 రెట్లు. ప్రతిపాదనలో 'తర్వాత కర్బన సంగ్రహణ యంత్రాలు అమరుస్తాం' అని, అంటే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యంత్రాలు పెడతామని, ఒక వాక్యం ఉంది. కెనడాలోని సస్కచెవాన్‌లో విద్యుత్ సంస్థ సాస్క్‌పవర్ తన బౌండరీ డ్యామ్ బొగ్గు స్టేషన్ మూడో యూనిట్‌కు 2014లో అలాంటివి అమర్చింది. ఏడాదికి పది లక్షల టన్నులు పట్టాలని రూపొందించిన ఆ యంత్రాలు ఏళ్ల తరబడి ఆ స్థాయికి దిగువనే నడిచాయి. ఖర్చు, చోటు, పట్టిన వాయువును ఎక్కడ దాస్తారో తెలియకుండా ఆ వాక్యాన్ని హామీగా లెక్కించబోమని రాశాం. సాయంత్రపు పీక్ లోడ్ కోసమే గ్యాస్ కావాలంటే బ్యాటరీలతో, జలాశయాల్లో నీటిని పీక్ దాకా ఆపి ఉంచడంతో, పెద్ద వినియోగదారులు ఆ గంటల్లో వాడకం తగ్గించే ఒప్పందాలతో ఎంత తీరుతుందో ముందు గంటగంటకూ లెక్క వేయమన్నాం. ఇంకా వేస్తున్నారు.

హామీ రాసే తీరు గురించి బోర్డుకు చూపించిన ఉదాహరణ కెనడాలోని అంటారియో. 2003లో ఆ రాష్ట్రంలో కరెంటులో దాదాపు నాలుగో వంతు బొగ్గుదే. 2007కల్లా మూసేస్తామన్నారు, కాలేదు. 2009 అన్నారు, అప్పుడూ కాలేదు. చివరికి 2014 ఏప్రిల్‌లో థండర్ బే స్టేషన్‌లో బొగ్గు మండడం ఆగింది. గడువు రెండుసార్లు జారినా పని పూర్తవడానికి కారణం, ఆ హామీలో శాతాలు కాక స్టేషన్ల పేర్లు ఉండడం, తర్వాత దానికి నిబంధనల బలం తోడవడం. అక్కడి నాంటికోక్ బొగ్గు స్టేషన్ నడుస్తోందో ఆగిందో తెలుసుకోవడానికి ఆడిటర్ అక్కర్లేకపోయింది, రోడ్డు మీద నిలబడి గొట్టం వైపు చూస్తే చాలేది.

కొత్త హామీ అలాగే రాశారు. మీటర్ దగ్గరి యూనిట్‌కు ఐదేళ్లకోసారి ఇంత అన్న మెట్లు. రెండో స్టేషన్ పేరు, దానిలోని ఒక్కొక్క ఉత్పత్తి యూనిట్ (బాయిలర్, టర్బైన్ జత) ఆగే సంవత్సరం. ధ్రువపత్రాలు, కార్బన్ క్రెడిట్లు (వేరేచోట తగ్గిన ఉద్గారాలకు కొనే పత్రాలు) వేరే పట్టికలో, ఉద్గారాల్లోంచి తీసివేయకుండా. స్టేషన్‌లో పనిచేసే మనుషుల సంగతి మొదటి ముసాయిదాలో లేదు. మేమే అడిగి పెట్టించాం. యూనిట్ ఆగే తేదీతోపాటు ఆ యూనిట్ సిబ్బందికి సబ్‌స్టేషన్ పనుల్లోనో, బ్యాటరీ కేంద్రాల్లోనో శిక్షణ మొదలయ్యే తేదీ కూడా ఉండాలని. కంట్రోల్ రూమ్‌లో ఇరవై ఏళ్లు ప్యానెల్ ముందు కూర్చున్న మనిషికి మూసివేత కబురు పేపర్లో చదివి తెలియకూడదు.

తర్వాతి నివేదికలో పాత అంకె, సరిచేసిన అంకె పక్కపక్కనే అచ్చయ్యాయి, ఎందుకు మారిందో ఒక పేజీ వివరణతో. సబ్‌స్టేషన్లన్నింటికీ కాటాలు వెళ్లాయి. రిజిస్టర్‌లో నింపక ముందు బరువు, నింపాక బరువు అని రెండు కొత్త వరసలు గీశారు.

తేలనిది ఒక్కటి మిగిలింది. అమ్మేసిన స్టేషన్‌తో ఉన్న కొనుగోలు ఒప్పందం ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది, మధ్యలో తెంచుకుంటే భారీ పరిహారం కట్టాలి. గడువు తీరాక పొడిగించుకునే షరతు కూడా అందులో ఉంది. అది తీయించలేకపోయాం. పొడిగింపు కాగితం ఎప్పుడు బోర్డు ముందుకు వచ్చినా, యూనిట్ ధర రాసిన వరస పక్కనే యూనిట్‌కు ఎన్ని కిలోలో రాసిన వరస ఉండాలని తీర్మానం మాత్రం చేయించగలిగాం.